మిషన్ వదిలేసిన మూలలు

మొన్న నర్సీపట్నం బస్టాండు దగ్గర ఆటో కోసం నిలబడి ఉంటే, వరి నాటే మిషన్ ఒకటి ట్రాలీ మీద దర్జాగా ఊరేగుతూ పోయింది. దాని ఇనుప వేళ్ళ సందుల్లో ఎండిన బురద, రెండు మూడు నారు మొక్కలు. వచ్చిన ఆటోని వదిలేసి దాన్నే చూస్తూ ఉండిపోయాను. మా అత్తగారే ఉంటే ట్రాలీని ఆపించి మరీ చూసేవారు.

రోలుగుంట దగ్గర మా పొలానికి ఆ మిషన్‌ని మొదటిసారి పిలిపించింది ఆవిడే. నాట్లకొచ్చే ఆడవాళ్ళంతా జీడిపిక్కల ఫ్యాక్టరీకి పోతున్నారు, ఆవిడ మోకాళ్ళు చూస్తే వంగడం మానేశాయి. "ఈ యేడు నాట్లు పడకపోతే సరుగుడు తోట ఏసీడమే" అని మా ఆయన తేల్చేశారు. సొంత పొలం బియ్యం తప్ప కొన్న బియ్యం రుచించని మనిషి, మా అత్తగారు, ఆ పూట కంచంలో అన్నం వదిలేసి లేచిపోయారు.

మిషన్ వచ్చే రోజు పొద్దున్నే ఆవిడ పొలం మళ్ళీ దమ్ము చేయించి, మడి నిండా నీళ్ళు పెట్టించారు. చేత్తో నాటడానికి బురద అలా మెత్తగా ఉండాలి, దీనికీ అంతేననుకున్నారు. తీరా మిషన్ ఆ చివరికి వెళ్ళేసరికి ఈ చివర నాటిన మొక్కలన్నీ నీళ్ళమీద తేలుకుంటూ గట్టు చేరాయి. డ్రైవరు దిగి తల పట్టుకున్నాడు. "మామ్మగారూ, ఇన్ని నీల్లెట్టీసినారేటండీ? బురద ఓ రోజు కుదురుకోవాలండి!" అత్తగారు మాత్రం తిన్నగా మిషన్ దగ్గరికే వెళ్ళారు. "ఇదెలా గిల్లుతాదో ఓపాలి సూపించు బాబూ, మెల్లగా తిప్పు." అతను తిప్పితే, ట్రేలో చాపలా అల్లుకున్న నారుని ఆ ఇనుప వేళ్ళు చిటికెడు గిల్లి కిందికి దించాయి. ఆవిడ తన వేళ్ళు పక్కన పెట్టి చూసుకుని, "నానూ ఇంతే గిల్లుతాను" అని మురిసిపోయారు. తర్వాత అతని చెయ్యి పట్టుకుని, "రేపు బేగి వచ్చీ బాబూ, నీల్లు తీయించీసి ఉంచుతాను" అన్నారు. అతనికి వేరే ఊళ్ళో పని ఉంది. అయినా ఏమనుకున్నాడో, మర్నాడు ముందు మా పొలానికే వచ్చాడు.

ఈసారి మొక్క కదల్లేదు. మధ్యాహ్నానికల్లా మడంతా వరసలు తీరింది. మూలల్లో మాత్రం మిషన్ తిరగలేక ఖాళీలు మిగిలాయి. అత్తగారు గట్టు మీద కూర్చుని, కాళ్ళు బురదలో పెట్టి, చెయ్యి అందినంత మేరా నాటారు. అందనిచోట నన్ను నాటమన్నారు. సరుగుడు మాట మా ఇంట్లో మళ్ళీ వినపడలేదు.

ఆవిడ పోయాక మూలలన్నీ నా వంతుకే వచ్చాయి. మిషన్లు మారాయి గాని మూలలు మిగలడం మానలేదు. ఈ యేడు నేను కూడా గట్టు మీద కూర్చునే నాటాను. ఇన్నేళ్ళు ఎప్పుడు గడిచాయో నేను గమనించలేదు, నా మోకాళ్ళు గమనించాయి.