చింతపువ్వు రంగు

నా చిన్నప్పుడు మా ఊళ్లో ఫోటో అంటే పెళ్లికో, మనిషి పోయినప్పుడో తీసేది. అలాంటి రోజుల్లో మా చిన్నమావ, అంటే మా అమ్మ తమ్ముడు, గడ్డిపువ్వులకు ఫోటోలు తీసేవాడు. నెల్లిమర్ల జూట్ మిల్లులో గుమాస్తా. ఎవరి దగ్గరో ఒక పాత డబ్బా కెమెరా కొన్నాడు. సెలవు దొరికితే చాలు, బొబ్బిలి దగ్గరున్న మా ఊరొచ్చి, ఇస్త్రీ చొక్కాతో గట్ల మీద బోర్లా పడుకునేవాడు. పేరు తెలియని పువ్వు కనిపిస్తే అన్నం కూడా గుర్తుండేది కాదు. విజయనగరంలో మొక్కల పాఠాలు చెప్పే కాలేజీ మాస్టారు ఒకరు ఆ ఫోటోలు చూసి పేర్లు చెప్పేవారట. "ఈడికి పెళ్లి సేసేస్తే ఈ పిచ్చి కుదురుతాది" అనేది మా అమ్మ.

ఆ పిచ్చిలో నాకూ వాటా ఉండేది. ఊరి వెనకాల మెట్ట మీదకి ఎండుపుల్లలకు వెళ్లేది నేనే కాబట్టి, ఏ పొద కింద ఏం పూసిందో మావకు నేనే చెప్పాలి. అప్పటి ఫోటోలన్నీ నలుపూ తెలుపే. అందుకని మావ ఓ రోజు నన్ను కూర్చోబెట్టి, "ఈ డబ్బాకి రంగులు తెలవ్వే గుంటా. రంగు నువ్వు సూసి గురుతెట్టుకో. మాస్టారు అడిగితే నువ్వే సెప్పాలి" అన్నాడు. ఇంక నా కాళ్లు నేల మీద నిలవలేదు. ఇంట్లో నా మాట అడిగేవాళ్లు ఎవరున్నారు గనక? పప్పులో ఉప్పు సరిపోయిందా అని కూడా నన్నెవరూ అడిగేవారు కాదు.

ఆ ఏడాది తొలకరి పడ్డాక మెట్ట మీద ఒక వింత మొక్క కనిపించింది. ఆకు లేదు. రాళ్ల మధ్య నుంచి ఒక్క కాడ నా మోకాలి దాకా లేచి, దాని నిండా చిన్న చిన్న పువ్వులు తలలు వంచుకుని ఉన్నాయి. మా నానమ్మని అడిగితే అలాంటిది తానెప్పుడూ చూడలేదంది. ఆదివారం మావ రాగానే చెయ్యి పట్టుకుని లాక్కుపోయాను. ముళ్లపొదల్లోంచి నా దారిన నేను దూరిపోతుంటే, మావ వెనకాల తిట్టుకుంటూ వచ్చాడు. పువ్వును చూశాక ఆ తిట్లన్నీ ఆగిపోయాయి. పువ్వు వెనక తెల్లగా ఉండాలని తన తువ్వాలు నా చేతికిచ్చి పట్టుకోమన్నాడు. గాలికి అది కదలకుండా నేను ఊపిరి బిగబట్టి నిలబడ్డాను. ఫోటో తీశాక, "రంగు సూసేవా?" అని అడిగాడు.

చూశాను. చింతపువ్వు రంగు. లేత పసుపు, లోపల వంగపండు రంగు గీతలు. ఆ రెండు ముక్కలూ మర్చిపోతానేమోనని రోజూ పడుకునే ముందు అప్పజెప్పుకునేదాన్ని. చింతచెట్టు కింద రాలిన పువ్వులు ఏరి, మనసులో ఉన్న రంగుతో పోల్చి చూసుకునేదాన్ని.

చెప్పిన మాట ప్రకారం మావ నన్ను రైల్లో విజయనగరం తీసుకెళ్లాడు. పండక్కి కుట్టించిన పరికిణీ కట్టుకున్నాను. మాస్టారి ఇంటి అరుగు మీద కూర్చున్నాక మావ సంచిలోంచి ఫోటో తీశాడు. ఆ ఫోటోకి రంగులున్నాయి. స్టూడియోలో ఫోటోల మీద పెళ్లికూతుళ్ల బుగ్గలకు రంగులద్దే ఆయన చేత మావ రంగు వేయించాడు. మా పువ్వు గులాబీ రంగులో మెరిసిపోతోంది.

మాస్టారు అద్దాలు సవరించుకుని చాలాసేపు చూశారు. "ఆకారం చూస్తే ఒకటి అనిపిస్తోంది, రంగు చూస్తే అది కాదేమో అనిపిస్తోంది. అసలు రంగు ఇదేనా?" అని అడిగారు.

మావ నా వంక చూస్తాడనుకున్నాను. చూడలేదు. "ఇదే సార్, అచ్చం ఇదే" అన్నాడు.

"కాదు మావా, సింతపువ్వు రంగు కదా" అన్నాను. పెద్దవాళ్ల మధ్య నాలుగు మాటలు వచ్చాయంటే నాకే ఆశ్చర్యం. మాస్టారు నన్ను చూసి, మావను చూశారు. మావ నవ్వాడు. "సిన్నపిల్ల సార్, దీనికేటి తెలుసు? ఆ రోజు ఇది రానేదు. ఇంటికాడే ఉన్నాది."

ఆ రోజు తువ్వాలు పట్టుకున్న నా చేతులు ఒళ్లో పెట్టుకుని వాటినే చూస్తూ కూర్చున్నాను. దెబ్బ కొట్టినా అంత నొప్పి పుట్టేది కాదు. పువ్వును చూపించింది నేను, ఫోటోలో ఆ తెలుపు వెనక నిలబడింది నేను. నన్ను అక్కడ లేకుండా చేసేశాడు. మాస్టారు మాత్రం పేరు చెప్పలేదు. వచ్చే ఏడు పూసినప్పుడు అసలు మొక్కనే తెచ్చి చూపించమని, చూడనిదే చెప్పనని అన్నారు.

తిరుగు రైల్లో మావ నాకు పకోడీ పొట్లం కొనిచ్చాడు. "కోపమేటే? సింతపువ్వు రంగేస్తే ఎవులు సూస్తారు? స్టూడియో అద్దాల పెట్టెలో పెడతారట దీన్ని" అని బుజ్జగించాడు. పొట్లం విప్పలేదు. ఇంటికొచ్చాక అమ్మకు జరిగింది చెప్పాను. ఆమె ఫోటో చూసి మురిసిపోయి, "ఎదురుగా ఎర్రగా కనిపిస్తంటే పసుపంటావేటే, పిల్లకి కళ్లు కూడా సరిగా లేవు" అంది. మెట్ట మీదకి పరిగెత్తాను. కాడ ఎండి, పువ్వులు రాలిపోయి ఉన్నాయి. నా మాటకు సాక్ష్యం ఏమీ మిగల్లేదు.

మళ్లీ తొలకరి వచ్చింది. మావ కెమెరా తెచ్చుకుని, మెట్టంతా పొద్దుటి నుంచి గాలించి, చేతుల నిండా ముళ్లగీతలతో ఇంటికొచ్చాడు. పెరట్లో అంట్లు తోముతున్న నా దగ్గర గొంతుక్కూర్చుని, "ఒసే, మాస్టారు మొక్క తెమ్మన్నారే. ఆ సోటు సూపించవే. దాని పేరు తెలుస్తాది" అని బతిమాలాడు.

నేను తలెత్తలేదు. "ఆ రోజు నాను రానేదు కదా మావా. ఇంటికాడే ఉన్నాను. నాకేటి తెలుస్తాది?" అన్నాను.

మావ చెవులు ఎర్రబడ్డాయి. లేచి వెళ్లిపోయాడు. ఆ పువ్వు మాట మా మధ్య మళ్లీ రాలేదు. ఆ తర్వాత కూడా మావ నన్ను ముద్దుగానే చూశాడు, నా పెళ్లికి ఫోటోలూ తీశాడు. ఆయన కొనిచ్చినవన్నీ తీసుకున్నాను గానీ, ఆయన మాట నమ్మి మళ్లీ ఎక్కడా నిలబడలేదు.

నేను తల్లినయ్యాక, అమ్మమ్మనయ్యాక కూడా ఒక అలవాటు మానలేదు. నా పక్కన పిల్లలుండగా పెద్దవాళ్లు ఏదైనా అడిగితే, "అప్పుడు ఇది కూడా ఉంది, దీన్ని అడగండి" అని ముందే చెబుతాను. మెట్ట ఎప్పుడో చదును చేసేశారు. ఆ పువ్వు పేరు మాస్టారికీ తెలియకుండా పోయింది, నాకూ ఇప్పటికీ తెలియదు. రంగు మాత్రం ఎప్పుడడిగినా చెప్పగలను. చింతపువ్వు రంగు, లోపల వంగపండు గీతలు. నేను అక్కడే ఉన్నాను.