రత్నబాబు తలుపు తెరిచిన రోజు

మే నెలలో, రోడ్డు మీద తారు చెప్పులకు అంటుకునే మిట్టమధ్యాహ్నం, స్వెట్టరు వేసుకుని మోటార్ సైకిల్ నడిపే మనిషి నూజివీడులో ఒక్కడే ఉన్నాడు. పేరు రత్నబాబు. కొత్తవాళ్లు అతన్ని చూసి, పాపం చలిజ్వరం కాబోలనుకుని దారి వదులుతారు. పాతవాళ్లు తల కూడా తిప్పరు. చాట్రాయి వెళ్లే రోడ్డులో బసవపున్నారావుగారి మామిడి ముక్కల ఫ్యాక్టరీ ఉంది. వేసవిలో కాయ కోసి, ముక్కలు చేసి, గడ్డకట్టించి, ఏడాది పొడుగునా అక్కడ కోల్డ్ రూములో దాస్తారు. ఆ గదికి రత్నబాబు ఇన్‌ఛార్జి. లోపల మైనస్ పద్దెనిమిది. రోజూ పొద్దున అందులో దూరిన మనిషి మధ్యాహ్నం భోజనానికి తప్ప సాయంత్రం దాకా బయటపడడు. ఒంట్లోకి దిగిన చలి ఇల్లు చేరినా వదలదు కాబట్టి ఆ స్వెట్టరు. ఊళ్లోవాళ్లు మాత్రం "నీకేంటయ్యా, ఏసీ ఉద్యోగం" అంటారు. అతని భార్య అమృతమ్మ కూడా అలాగే అనుకునేది.

ఇరవై రెండేళ్ల సర్వీసులో రత్నబాబు నేర్చిన విద్య తలుపు వేయించడం. కోల్డ్ రూము తలుపు తీసి ఉంచితే బయటి తడిగాలి లోపల జొరబడుతుంది. జొరబడ్డ తడి అక్కడికక్కడే గడ్డకట్టి కప్పుకి పడుతుంది, పొడిపొడిగా రాలుతుంది, నేల జారుతుంది. అందుకని "తలుపెయ్యండి" అని రోజుకు వందసార్లు అంటాడు. బస్సెక్కినా అంటాడు. ఒకసారి మేనకోడలి పెళ్లిలో, పెళ్లికూతురు ఇంకా చర్చి మెట్లెక్కుతుండగానే వెనక్కి తిరిగి "తలుపెయ్యండి" అన్నాడు. ఆ పిల్ల అత్తవారు ఇప్పటికీ అతనితో సరిగ్గా మాట్లాడరు. కప్పుకి పట్టిన తెల్లపొడిని నెలకోసారి గోకించి, బక్కెట్లకెత్తించి, వెనకాల మామిడి చెట్ల మొదట్లో పోయిస్తాడు. దాన్ని అతను చెత్త అంటాడు.

అమృతమ్మ సండే స్కూలు టీచరు. ముప్పై ఏళ్లుగా ప్రతి క్రిస్మస్‌కి గుడిలో యేసు పుట్టిన పశువుల పాక బొమ్మరిల్లు కట్టేది ఆవిడే. కట్టి, ఇంట్లో దిండ్లు విప్పి, బూరుగు దూది తీసి, పాక కప్పు మీదా ముంగిట్లోనూ మంచులా పరిచేది. తెల్లవారుజామున మన తోటల మీదకు దిగే పొగమంచు కాదు, గ్రీటింగు కార్డుల్లో కనిపించే గడ్డమంచు. పండగ అయ్యాక ఆ దూదిని మళ్లీ దిండ్లలో కుక్కేది. రత్నబాబు ఏడాదిలో పదిరోజులు తలగడ లేకుండా పడుకునేవాడు. ఇది వాళ్ల కాపురంలో పెద్ద గొడవేమీ కాదు.

కిందటేడు అక్టోబరులో కీర్తిప్రియ అనే ఎనిమిదేళ్ల పిల్ల క్లాసులో లేచి నిలబడింది.

"మంచు ఎలా ఉంటుంది టీచర్?"

"మెత్తగా, తెల్లగా, దూదిలా ఉంటుందమ్మా."

"మీరు చూశారా?"

"లేదమ్మా."

"మరి మీకెలా తెలుసు?"

ఆ పిల్లకు వెటకారం లేదు, నిజంగానే అడిగింది. అమృతమ్మ క్లాసు అక్కడికి ముగించింది. ఇంటికొచ్చి అన్నం కెలుకుతూ కూర్చుంది. "ముప్పై ఏళ్లుగా చూడనిదాన్ని చూసినట్టు చెప్పానండి. పిల్లల ముందు సిగ్గేసింది" అంది. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆవిడ దేనికైనా సిగ్గుపడటం రత్నబాబు చూడలేదు.

వాళ్ల గుడిలో నవంబరు మొదటి ఆదివారం సాక్ష్యాలు చెబుతారు. ఒక్కొక్కరూ లేచి, దేవుడు తమకు చేసిన మేలు చెప్పుకుంటారు. రత్నబాబు సాక్ష్యం ఏటా రెండే ముక్కలు. పోయినేడు దేవుడు కాపాడాడు, వచ్చే ఏడు కూడా కాపాడాలి, అంతే. ఈసారి ఆ రెండూ చెప్పి కూర్చోబోతూ, ఆడవాళ్ల వరసలో తలవంచుకున్న భార్యను చూశాడు. చూడగానే నోరు దానంతట అదే నడిచింది.

"ఈ చలికాలం నా భార్యను బండి మీద ఎక్కించుకుని మంచులో తిప్పి తీసుకొస్తాను. మీరందరూ ప్రార్థన చేయండి."

గుడంతా ఆమెన్ అంది. పాస్టరు క్రీస్తుదాసుగారు ప్రార్థన అంశాల పుస్తకం తీసి ఎర్రపెన్నుతో రాసుకున్నారు: రత్నబాబు దంపతులు, మోటార్ సైకిల్, మంచు.

ఆ పుస్తకం సంగతి తెలియనివాళ్లకు చెప్పాలి. అందులోకి ఎక్కడం తేలిక, దిగడం కష్టం. జబ్బు ఎక్కితే తగ్గాలి, ఉద్యోగం ఎక్కితే రావాలి. అంశం నెరవేరితేనే పాస్టరు అయ్యగారు దాని మీద గీత కొడతారు. ఈలోగా శుక్రవారం ఉపవాస ప్రార్థన చేసే ఆడవాళ్లు దాన్ని వదలరు. తొమ్మిదిమంది ఆడవాళ్లు మంచినీళ్లు కూడా ముట్టకుండా రత్నబాబు బండి టైర్ల కోసం ప్రార్థించారు. వాట్సాప్ గ్రూపులో బండి ఫొటో పెట్టి, కింద చేతులు జోడించిన బొమ్మలు నలభై మూడు పెట్టారు. నాలుగు మంకీ క్యాపులు వచ్చాయి. ఎవరో పుణ్యాత్మురాలు కొలత తీసుకోకుండానే బండి పెట్రోలు ట్యాంకుకి ముదురు ఎరుపు ఊలుతో స్వెట్టరు అల్లి తెచ్చింది. అది ట్యాంకుకి పట్టలేదు. అయినా మర్యాద కోసం రత్నబాబు దాన్ని హ్యాండిలుకి తగిలించుకుని తిరిగాడు.

బసవపున్నారావుగారు హిందువే అయినా ప్రార్థన అంశం తన ఉద్యోగిది కాబట్టి తనవంతు తాను చేశారు. మామిడి లోడుకు కట్టే కొబ్బరితాడు ఒక చుట్ట తెచ్చిచ్చారు.

"టైర్లకి చుట్టు, జారదు" అన్నారు. "ఢిల్లీ దాకా దారి నాకు తెలుసు, లోడుతో వెళ్లేవాణ్ణి. ఆ తర్వాత ఎవర్నన్నా అడుగు. పైకి ఎక్కడమేగా."

డిసెంబరు మొదటివారంలో అలవాటు కోసమని భార్యాభర్తలిద్దరూ చాట్రాయి దాకా వెళ్లారు. రెండు స్వెట్టర్లు, చేతులకు గ్లవ్స్, తలకు మంకీ క్యాపు, పైన ముప్పై డిగ్రీల ఎండ. చాట్రాయిలో దిగబోతే అమృతమ్మ కుడి మోకాలు దిగనంది. మడిచింది మడిచినట్టే బిగుసుకుపోయింది. ఆవిణ్ణి ఇద్దరు ఆడవాళ్లు ఎత్తి ఆటోలో కూర్చోబెడితే, రత్నబాబు ఆటో వెనకాలే బండి మీద వచ్చాడు. డాక్టరు చూసి, అరగంట మించి బండెక్కకూడదన్నాడు. అరగంటలో మంచు దొరికే ఊరు ఆంధ్రప్రదేశ్‌లో లేదు.

రత్నబాబు అయ్యగారి దగ్గరికి వెళ్లాడు.

"ఆ అంశం కొట్టేయండయ్యగారూ."

క్రీస్తుదాసుగారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "నేనెలా కొట్టేస్తాను రత్నబాబూ? తొమ్మిదిమంది నాలుగు శుక్రవారాలు పస్తులున్నారు. అదిప్పుడు నీ ఒక్కడిది కాదు."

అదంతా రత్నబాబు భరించేవాడే. నలుగురిలో చిన్నబోవడం అతనికి కొత్త కాదు. కానీ ఆ రాత్రి అమృతమ్మ మోకాలికి కాపడం పెట్టుకుంటూ మెల్లిగా ఇంకో మాట చెప్పింది.

"ఈ ఏడు పాక నేను కట్టనండి. సండే స్కూలు కూడా వేరేవాళ్లు చూసుకుంటారు. తెలియనిది చెప్పడం ఇక నావల్ల కాదు."

ఆవిడ ఏడవలేదు, విసుక్కోలేదు. అందుకే అతనికి భయమేసింది. ఆ పాకా, ఆ పిల్లలూ పోతే అమృతమ్మకు ఆదివారాలే ఉండవు.

ఏటా డిసెంబరు ఇరవై మూడున కోల్డ్ రూము ఖాళీ చేస్తారు. మిగిలిన సరుకు లారీకెక్కించి, మిషను ఆపి, గది కడుగుతారు. ఆరోజు పొగమంచు విపరీతంగా దిగింది. తోటలో పక్కచెట్టు కనబడటం లేదు. ఎనిమిదింటికి చివరి పెట్టె బయటికి వెళ్లిపోయింది. గది ఖాళీ, మిషను ఇంకా నడుస్తోంది. కూలీలు టీకని వెళ్తూ తలుపు బార్లా తీసి వదిలేశారు. రత్నబాబు పరుగెత్తుకొచ్చి, అలవాటు ప్రకారం "తలుపె" అన్నాడు. సగంలో ఆగిపోయాడు.

బయటి పొగమంచు గుమ్మం దాటి లోపలికి పాకుతోంది. పాకినదల్లా ఆ చలికి గడ్డకట్టి, కప్పు దగ్గర నుంచి మెల్లిగా, తెల్లగా, చప్పుడు లేకుండా కురుస్తోంది. అతని బూట్ల మీద పడుతోంది. ఇరవై రెండేళ్లుగా అతను బక్కెట్లతో ఎత్తి పారబోయించిన చెత్త అది. దానికోసమే ఢిల్లీ దాటి పోదామనుకున్నాడు.

తనకు తనమీద వచ్చిన కోపం ఇంతా అంతా కాదు. తర్వాత నవ్వొచ్చింది. ఆ తర్వాత, టీ తాగి వచ్చిన కూలీలు తలుపు మూయబోతుంటే "ఉంచండి, వెయ్యొద్దు" అన్నాడు. ఆ మాట అతని నోట అంతవరకూ ఎవరూ వినలేదు. ఒకడు పక్షవాతమేమోనని అతన్ని కుర్చీలో కూర్చోబెట్టి, చెయ్యి పైకెత్తగలవా, నవ్వగలవా అని అడిగి, ఓనరుకు ఫోను చేశాడు.

బసవపున్నారావుగారు కంగారుగా వచ్చారు. రత్నబాబు చెప్పిందంతా విన్నారు. విని, ఒకే ఒక్క ప్రశ్న వేశారు.

"తాడు చుట్టావా?"

"ఇంకా లేదండి."

"ఆ పని నేను చూస్తాను. మిషను ఇంకో రెండు గంటలు నడుపుదాం. నువ్వెళ్లి ఆవిణ్ణి తీసుకురా. మా కారు తీసుకెళ్లు, బండి ఇక్కడుంచు."

ఫ్యాక్టరీ నుంచి ఇల్లు పది నిమిషాలు. అమృతమ్మ పొయ్యి దగ్గరుంది.

"అమృతా, బయల్దేరు. మంచులోకి."

"పప్పు పొయ్యి మీదుందండి."

"కట్టేసి రా."

ఆవిడ అతని మొహం చూసింది. స్టవ్వు కట్టేసి మంకీ క్యాపులు తీసుకుంది.

వాళ్లు వచ్చేసరికి గుమ్మం దగ్గర శుక్రవారం ఆడవాళ్లు తొమ్మిదిమందీ ఉన్నారు. ఎవరు చెప్పారో తెలియదు. అయ్యగారు పుస్తకంతో వచ్చారు. బండి టైర్లకు కొబ్బరితాడు చుట్టి ఉంది. నేల మీద జానెడు మంచు పేరుకుంది, పైనుంచి ఇంకా కురుస్తోంది. రత్నబాబు బండెక్కాడు. అమృతమ్మ వెనక ఒకవైపుకు కూర్చుని అతని భుజం పట్టుకుంది. బండి గుమ్మం దాటి లోపలికి వెళ్లింది.

గది పొడవు నలభై గజాలు. మొదటి రౌండు సజావుగా సాగింది. రెండో మలుపులో బండి గేదెలా మెల్లిగా పక్కకు కూలబడింది. ఇద్దరూ మంచులో కూర్చున్నారు. దెబ్బ తగల్లేదు. మళ్లీ ఎక్కారు. మూడో రౌండు, నాలుగో రౌండు. ఆవిడ క్యాపు మీద, కనుబొమ్మల మీద తెల్లగా పట్టింది. అయిదో రౌండులో ఆవిడ అతని భుజం తట్టింది.

"ఆపండి."

దిగి, గ్లవ్ తీసి, గుప్పెడు మంచు పట్టుకుంది. వెంటనే వదిలేసింది. అరచెయ్యి ఎర్రబడింది.

"ఇది దూదిలా లేదండి. కొరుకుతోంది."

"అవును."

"రోజూ ఇంతేనా?"

"ఇవాళ తలుపు తీశాంగా, నయం. రోజూ ఇంకా ఎక్కువ."

ఆవిడ పళ్లు టకటకా కొట్టుకుంటున్నాయి. గది చుట్టూ చూసింది. అటు గోడ, ఇటు గోడ, అతను నిలబడే చోటు, అక్కడ అరిగిపోయిన నేల. "ఇందులోనా ఇరవై రెండేళ్లు ఉన్నారు మీరు" అంది. ఆవిడ తన తల మీది క్యాపు తీసి అతనికి తొడిగింది. అతనికి అప్పటికే ఒకటుంది, దాని మీదే తొడిగింది.

అయ్యగారు పుస్తకం తెరిచి ఎర్రగీత కొట్టారు. ఆడవాళ్లు టీ అడిగారు.

ఇరవై నాలుగు సాయంత్రం అమృతమ్మ ఎప్పటిలాగే పాక కట్టింది. ఈసారి దిండ్లు విప్పలేదు. బసవపున్నారావుగారి తోట నుంచి, కాయలు మగ్గబెట్టే వరిగడ్డి ఒక మోపు తెప్పించింది. పచ్చికాయను వెచ్చగా ఉంచే గడ్డి అది. దాన్ని పాకలో మందంగా పరిచి, పసిబిడ్డ బొమ్మను మెడ దాకా అందులో కప్పింది. పిల్లలు చుట్టూ మూగారు.

"మంచేది టీచర్?" అంది కీర్తిప్రియ.

"చూసొచ్చానమ్మా. బిడ్డ దగ్గర అది ఉండకూడదు."

కీర్తిప్రియ ఒప్పుకుంది. చూసినావిడ చెప్పాక ఒప్పుకోక తప్పదు. తర్వాత పాక గుమ్మం వైపు వేలు చూపించింది. అక్కడ కర్ర పట్టుకుని నిలబడ్డ బిడ్డ తండ్రి బొమ్మకు, బండి ట్యాంకుకి అల్లిన ఎర్ర స్వెట్టరు తొడిగి ఉంది. బొమ్మకు అది కాళ్ల దాకా వచ్చి, ఇంకా మిగిలింది.

"ఆయనకెందుకు టీచర్ అంత పెద్దది?"

అమృతమ్మ స్వెట్టరు అంచు సర్దుతూ చెప్పింది. "అందరూ బిడ్డనే చూస్తారమ్మా. తలుపు దగ్గర నిలబడేది ఆయన. చలి ముందు ఆయనకే తగులుతుంది."

వెనక బెంచీలో రత్నబాబు ఉన్నాడు. గుడి తలుపు బార్లా తీసి ఉంది, చలిగాలి కొడుతోంది. అతను తలుపెయ్యమని అనలేదు.