వెనక్కి వచ్చిన చీర, కార్వేటినగరం దగ్గర అత్త ఇల్లు

మొన్న మే నెలలో, గంగమ్మ జాతర ముగిసిన వారానికి, మా నాయన పోస్టులో పంపిన చీర తిరిగి మా ఇంటికే వచ్చింది. తిరుపతి వాళ్లకు చెప్పక్కర్లేదు, జాతరకు కొండ మీద నుంచి గోవిందుడు తన చెల్లెలు గంగమ్మకు సారె పంపిస్తాడు. మా నాయన కూడా ఇరవై మూడేళ్లుగా ప్రతి జాతరకూ తన చెల్లెలికి చీర, పసుపు, కుంకుమ పార్సిల్ కట్టి పంపిస్తున్నాడు. ఆ చెల్లెలు మా సుగుణత్త. ఉండేది దూరంగా వేరే నగరంలో, మానసిక ఆసుపత్రిలో. నేను డిగ్రీ చదివేటప్పుడు ఆమెను భర్త వదిలేసి వెళ్లాడు. ముందు ఆమెకు నిద్ర పట్టడం మానేసింది, తర్వాత మాట పోయింది. నాయన తీసుకెళ్లి అక్కడ చేర్చి వచ్చాడు. మనుషుల్ని గుర్తుపట్టే స్థితిలో లేదంటూ మమ్మల్నెవరినీ వెళ్లనివ్వలేదు. నేనూ పట్టుబట్టలేదు. పదేళ్లుగా గాంధీరోడ్డులో ఆ చీరలు ఎంచింది మాత్రం నేనే.

పార్సిల్ మీద రాసిన నంబరుకు ఫోన్ చేస్తే నెత్తిన పిడుగు పడ్డట్టయింది. నయమైనవాళ్లను కొద్దికొద్దిమందిగా మామూలు ఊళ్లలో అద్దె ఇళ్లకు మారుస్తున్నారట. అత్తను రెండు నెలల కిందటే కార్వేటినగరం దగ్గర ఒక పల్లెకు పంపారట. నాయన అప్పటికప్పుడు కాగితం తీసి ఉత్తరం రాశాడు. కుటుంబానికి సమ్మతం లేదు, ఆమెను వెంటనే ఆసుపత్రికి తిప్పి పంపండి అని. "పోయి ఆ ఇంటోళ్ల చేతికిచ్చిరా. తలుపులకు బీగాలు ఉండాయో లేదో సూసిరా" అన్నాడు. నేను లెక్కల టీచర్ని. చూడాల్సినవన్నీ చీటీ రాసుకున్నాను: తాళం, కిటికీ ఊచలు, కాపలా మనిషి. ఇప్పుడు ఆ చీటీ తలచుకుంటే సిగ్గేస్తుంది.

తిరుపతి బస్టాండులో ఉదయం ఏడుంపావుకు పుత్తూరు వైపు పల్లెవెలుగు బస్సు ఎక్కాను. ఆధార్ చూపిస్తే ఆడవాళ్లకు టికెట్ ఉచితం. గంటా పది నిమిషాల్లో పుత్తూరు, అక్కడ ఇడ్లీ తిని ఇంకో బస్సు ఎక్కితే అరగంటలో కార్వేటినగరం. మామూలుగా అయితే పాత రాజమహలు చుట్టూ తిరిగి నలభై ఫోటోలు తీసేదాన్ని. ఆరోజు ఫోను సంచిలోంచి తీయలేదు. అక్కడి నుంచి అత్త ఉండే పల్లెకు నాలుగు కిలోమీటర్లు ఆటో, వంద రూపాయలు. ఎలా అడగాలో తెలియక, "ఆసుపత్రి నుంచి వచ్చిన ఆడవాళ్లు... కొంచెం ఇదిగా ఉంటారు... ఆ ఇల్లు" అని నసిగాను. డ్రైవరు వెనక్కి తిరిగి చూశాడు.

"యాడుండారక్కా అట్లాటోళ్లు? ఓ, మామిడి తాండ్ర పోసే ఆడోళ్లా? మా యమ్మ ఆడే కొంటాది. ఎక్కండి."

ఊరి పేరు రాయడం లేదు. అత్త వద్దంది.

వీధి మధ్యలో నీలం తలుపుల డాబా. అరుగు మీద ముగ్గురు ఆడవాళ్లు చాపలపై మామిడి రసం పలచగా పోస్తున్నారు. నేను గేటు దగ్గరే ఆగిపోయాను. ముగ్గురివీ నేను ఎంచిన చీరలే! నెమలికంఠం రంగుది, ఎర్రంచు ఆకుపచ్చది, బేరమాడి అలిసిపోయి తెచ్చిన వంగపండు రంగుది. ముక్కూమొహం తెలియనివాళ్ల ఒంటి మీద మా ఇంటి సారె.

అదే ఊరి మనిషి మార్తమ్మ నన్ను లోపలికి పిలిచింది. మందులు వేసుకున్నారా అని పొద్దునా సాయంత్రం వచ్చి చూడడం, నెలకోసారి అందరినీ బస్సులో చిత్తూరు ఆసుపత్రికి తీసుకెళ్లి డాక్టరుకు చూపించడం ఆమె పని. చీరల సంగతి ఆమే చెప్పింది. "ఆడ అందరికీ ఒకటే రంగు గౌను గదా మేడమ్, సొంత బట్ట కట్టనీరు. సుగుణమ్మ పెట్టెలో మడతలు విప్పనివి ఇరవై పైనే ఉండాయి. వచ్చిన రోజే అందరికీ పంచేసింది."

అంటే ఇన్నేళ్లలో ఆమె ఒక్క చీరా కట్టలేదు. మేమేమో పార్సిల్ పంపిన రోజు పాయసం కూడా చేసుకునేవాళ్లం.

అప్పుడే వంటింట్లోంచి అత్త వచ్చింది. జుట్టు తెల్లబడింది, చిక్కిపోయింది. నన్ను చూడగానే గోడకు ఆనుకుని నిటారుగా నిలబడి, చేతులు ముందుకు చాపి, గోళ్లు కనబడేలా పెట్టి, "సుగుణ, ఆరో వార్డు" అంది. అది వార్డు తనిఖీల అలవాటని, కొత్త మనిషి వస్తే ఆమె ఒళ్లు ఇంకా అలా నిలబడిపోతుందని మార్తమ్మ చెప్పింది. నేను "అత్తా, రాధని" అన్నాను. ఆమె చేతులు మెల్లగా దించింది.

"రాధవా? ముక్కు మీ యమ్మదే. కూచో పాపా. అన్నం తిన్నావా?"

గుర్తుపట్టే స్థితిలో లేదన్న మనిషి ఈమే.

అయినా తాళం సంగతి అడగకుండా ఉండలేకపోయాను. మార్తమ్మ నవ్వింది. "బీగం ఉండాది మేడమ్. బీగంచెవులు నలుగురి దగ్గరా ఉండాయి. నా దగ్గరే లేదు, నేనే తలుపు కొట్టాల." మొదట ఐదుగురు వచ్చారట. ఒకామె ఇమడలేక భయపడి తిరిగి ఆసుపత్రికి వెళ్లిపోయిందని దాచకుండా చెప్పింది. ఉత్తరం తీసి, ఇది ఎవరికి ఇవ్వాలని అడిగాను. "ఈడ ఉంటానని సుగుణమ్మే సంతకం పెట్టింది. ఇంకెవరి సంతకమూ అక్కర్లా. కానీ అది ఇంటి ఓనరు కంట పడితే కష్టం. ఆయన భయస్తుడు, కాళీ చెయ్యమంటాడు. నలుగురూ మళ్లీ వార్డుకే పోవాల."

నా చేతిలో ఉన్నది ఏమిటో అప్పుడు అర్థమైంది. దాన్ని అత్తకే ఇచ్చాను. ఆమె అద్దాలు పెట్టుకుని చివరిదాకా చదివింది. లోపలికి వెళ్లి ఒక ఫైలు తెచ్చి, నా ముందు విప్పింది. "నా ఫైలు, అడిగి నకలు తెచ్చుకున్నా. సూడు" అంది. 'నయమైంది, తీసుకువెళ్లగలరు' అని ఆసుపత్రి పంపిన జాబులు మూడు. మొదటిది పదకొండేళ్ల కిందటిది. మూడింటికీ అందినట్టు రసీదు కార్డులు. మూడింటి మీదా మా నాయన సంతకం, కింద రెండు చుక్కలతో. నా ప్రోగ్రెస్ కార్డుల మీద చూస్తూ పెరిగిన సంతకం అది.

"మొదటి జాబు పోయినప్పుడు మూట కట్టుకుని కూచున్నా పాపా. రెండోదానికీ కట్టినా. మూడోదానికి కట్టలా" అంది అత్త. నాయన ఉత్తరాన్ని కూడా మడిచి ఆ కార్డుల వెనకే పెట్టింది. "నా గురించి రాసింది నా ఫైల్లోనే ఉండాల."

మధ్యాహ్నం ఆమె చేసిన రాగి సంగటి, వేరుశనగ చట్నీ పెట్టింది. మన ఇంటికి వస్తావా అని అడిగాను. "సూసిపోనీకి వస్తా. ఉండేది ఈడే" అంది. నాయన వస్తే అన్నాను. ఆమె కంచం కడుగుతూ జవాబు చెప్పింది. "ముందు ఫోను చేసి అడగమను. నలుగురం ఒప్పుకుంటేనే ఈ ఇంట్లోకి ఎవురినైనా రానిచ్చేది."

నాలుగున్నర బస్సులో దారి పొడవునా ఏడ్చాను. ఆసుపత్రులు ఖాళీ చేస్తే ఇలాంటివాళ్లు వీధిన పడతారని స్టాఫ్ రూములో గట్టిగా వాదించినదాన్ని నేను. అత్తను అంతకాలం అక్కడ ఉంచింది జబ్బు కాదు, మేము. ఆ కార్డులు చూశానని ఇంటికి రాగానే చెప్పాను. నాయన "ఊర్లో ఏమనుకుంటారో అని బయపన్నాను" అన్నాడు. ఆయన మీద కోపం ఇంకా పోలేదు, నా మీద కూడా.

మీ వాళ్లెవరైనా ఇలాంటి ఇంటికి మారి ఉంటే వెళ్లిరండి, బస్సులు సాయంత్రం దాకా ఉంటాయి. ఒక్కటే సలహా: చెప్పకుండా వెళ్లొద్దు. ముందు రోజు ఫోన్ చేసి, రావచ్చా అని అడగండి. వద్దంటే వాదించకండి. మా నాయన ఇప్పటికి మూడుసార్లు అడిగాడు. రెండుసార్లు వద్దన్నారు. మూడోసారి అత్తే ఫోను తీసి, అందరినీ అడిగి చెబుతానంది. నాయన చొక్కా ఇస్త్రీ చేయించుకుని కూర్చున్నాడు.