ఖాళీ అనుకున్న జాగా

2004 జూన్‌లో నన్ను మా కంపెనీ హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్ ఆఫీసుకు సిస్టమ్స్ ఆఫీసరుగా బదిలీ చేశారు. ల్యాప్‌టాప్‌లు సిద్ధం చేయడం, చెడితే బాగుచేయడం నా పని. ప్రొబేషన్‌లో ఉన్న ఇంజినీరు మంజులకు ఒకే ల్యాప్‌టాప్‌లో విండోస్, లినక్స్ అనే రెండు ఆపరేటింగ్ సిస్టమ్‌లూ పెట్టిచ్చింది నేనే. డిస్కును రెండు భాగాలు చేసి, ఏ భాగం ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో ఆ అంకెలను రిజిస్టరులో సిరాతో రాసుకునేవాణ్ణి. మా మేనేజరు వాటిని కరణం లెక్కలని ఎగతాళి చేసేవాడు.

మంజుల ఐదు నెలల పని లినక్స్ వైపే ఉంది. దాన్ని క్లయింటుకు చూపిస్తేనే ఆమె ఉద్యోగం ఖాయమవుతుంది. అలా చూపించాల్సిన రోజుకు ముందురోజు మేనేజరు ఆ ల్యాప్‌టాప్ అడిగి తీసుకున్నాడు. మరునాడు పొద్దున ఆన్ చేస్తే నల్లటి తెర మీద ఒక్క ఎర్రర్ లైను. విండోసూ రాలేదు, లినక్సూ రాలేదు. క్లయింట్లు కాఫీ తాగి వెళ్లిపోయారు.

లినక్స్ పెట్టినందుకే మిషన్ చెడిందని మేనేజరు అందరి ముందూ ఆ అమ్మాయిని కడిగేశాడు. తను ముట్టుకోనే లేదట! చెడిన మిషన్‌ను తెరిచే రెస్క్యూ సీడీ వేసి చూస్తే, లినక్స్ భాగాన్ని ఎవరో డిలీట్ చేసి ఉన్నారు. మేనేజరును గదిలోకి తీసుకెళ్లి గట్టిగా అడిగాను. విండోస్‌లో అది పేరు లేకుండా కనబడిందని, ఖాళీ జాగా అనుకుని తన ఫైళ్ల కోసం తీసేశానని నసిగాడు. ఏ సిస్టమ్ తెరవాలో అడిగే మెనూ ఉండేదీ ఆ భాగంలోనే. అది పోతే రెండూ తెరుచుకోవు. నాకు ఒళ్లు మండిపోయింది.

మంజుల ఒక్క మాటే అంది: “అది కాలీ జాగా కాదు సార్. నా ఐదు నెల్ల పని దాంట్లోనే ఉండాది.”

భాగాన్ని డిలీట్ చేస్తే డిస్కు పట్టికలో దాని హద్దులు పోతాయి గాని, దాని మీద కొత్తగా ఏదీ రాయనంతవరకు లోపలి ఫైళ్లు పోవు. రిజిస్టరు చూసి పాత అంకెలు మళ్లీ కొట్టాను. భోజనాల వేళకు రెండూ లేచాయి.

విచారణ రిపోర్టు నన్నే రాయమన్నారు. మేనేజరు పేరు రాశాను. పైవాళ్లు రుజువేదన్నారు. గదిలో తను నాతో ఏమీ ఒప్పుకోలేదని అతను నా మొహం మీదే అన్నాడు, సిగ్గులేని మనిషి. అతని పేరున్న లైను కొట్టేసి సంతకం పెట్టమన్నారు పైవాళ్లు. పెట్టాను. ఇప్పటికీ నా కోపంలో సగం నా మీదే.

మంజుల ప్రొబేషన్ ఆరు నెలలు పొడిగించారు. ఆమె రాజీనామా ఇచ్చేసింది. ఆమె చేసిన పనిని తర్వాతి వారం మేనేజరే క్లయింటుకు చూపించాడు.

డిస్కు అంకెలు రాసుకున్నవాణ్ణి, దాని మీద చేయి వేసిన మనిషి పేరు రాసుకోలేదు. రిజిస్టరులో కొత్త గడి గీశాను: ఎవరు తీసుకున్నారు, ఎందుకు, సంతకం. ఆ తర్వాత ల్యాప్‌టాప్ అడిగినప్పుడు మొదటి సంతకం మేనేజరు చేతే పెట్టించాను.