పేషీకి ఇంత

ఈ పాతబస్తీల ఫీజు సంగతి నా అంత సాఫ్‌గ చెప్పిన వకీలు ఇంకొకడు లేడు. హుస్సేనీ ఆలంల మా ఇంటి ముందరి గదే నా ఆఫీసు. పొద్దున తలుపు తీసేసరికి గల్లీ మలుపు దాక క్లయింట్లు నిలబడేటోళ్లు. ఒక నవాబుసాబ్ నా కోసం కారు పంపిండు. ఫీజు అడుగుడు నాకు నామోషీ. వాళ్లే తెచ్చి బల్ల మీద పెట్టేటోళ్లు.

ఇది నేను పెండ్లిళ్లల్ల, చావుల కాడ, ఇరానీ హోటళ్లల్ల చెప్పుకుంట వచ్చిన కథ. మీరు నన్ను ఎరగరు కాబట్టి మీకు కొంచెం దించి చెప్త. లైను గల్లీ మలుపు దాక ఉండకపోయేది. అరుగు మీద నలుగురు కూచునేటోళ్లు. అందుల ఒకాయన మా పక్కింటాయన, పేపర్ చదవనీకి వచ్చేటోడు. కారు పంపింది నవాబు కాదు, నవాబు ఇంట్ల కిరాయికున్నాయన. కారు గూడ కాదు, స్కూటర్. పెట్రోల్ నేనే పోయించిన. ఇగ ఫీజు అడగలే అన్నది పచ్చి అబద్ధం. అడిగిన. మస్తు తియ్యగ అడిగిన. ఆ తియ్యదనం గురించే ఈ రాత.

చాన ఏండ్ల సంది ఒక మాట నా గొంతు కింద ఆగి ఉన్నది. దానివల్ల నిద్ర పట్టలేదు, తిండి సైసలేదు అని చెప్పను. నిద్ర మంచిగనే పట్టింది, తిండి అందరికన్న ఎక్కువనే తిన్న. అయినా అది ఉన్నది. ఎవరన్న నా ముందట “మీరు మంచి వకీలు సాబ్” అన్నప్పుడల్ల కొంచెం కదుల్తది. కదిలి మళ్ల అక్కడనే కూచుంటది.

వకీలు ఫీజు చాన తీర్ల తీసుకుంటరు గని, మా దిక్కు ఎక్కువ నడిచేటివి రెండు. ఒకటి ముక్తా. కేసు ఏసిన కాడి నుంచి తీర్పు దాక అంతా కలిపి ఒక్క మొత్తం. రెండోది పేషీకి ఇంత. కోర్టుల తారీఖు పడ్డప్పుడల్ల కొంత ఇచ్చుకుంట పోవుడు. ముక్తాల కేసు ఎంత జల్ది ఒడిస్తే వకీలుకు అంత లాభం. పేషీ లెక్కల ఎంత సాగితే అంత లాభం. ఈ ఆఖరి సంగతి క్లయింట్‌కు విప్పి చెప్పాలె. నేను చెప్పలే.

రూతమ్మ సర్కారు దవాఖానల ఆయా. మొగుడు పోయిండు, పిల్లలు లేరు. దవాఖాన క్వార్టర్ల ఉంటుండె. జహనుమా బస్తీల వాళ్ల నాయిన కట్టిన ఇల్లున్నది, అందుల అన్న సామ్యేల్ కాపురం. నాయిన వీలునామా రాయకుంట పోయిండు కాబట్టి ఆమెకు సగం వస్తది. అన్న ఇయ్యనన్నడు. ఆమె రిటైర్ అయితే క్వార్టర్ ఖాళీ చెయ్యాలె. ఆ లోపట తనదని ఒక గది కావాలె. ఆమె నన్ను అడిగింది అంతే.

“ముక్తాగ ఎంతనో చెప్పున్రి వకీల్‌సాబ్,” అన్నది. “చీటీ ఎత్తి ఒక్కపారి కట్టేస్త. మళ్ల ఫికర్ ఉండదు.”

“నీ మంచికే చెప్తున్నమ్మా. ముక్తా అంటే ఇయ్యాలనే అన్ని పైసలు నా చేతుల పెట్టాలె. రేపు మీ అన్న మనసు మారి ఇచ్చేసిండనుకో, నీ పైసలు ఉత్తగనే పోతయి గద? పేషీకి ఇంత అనుకో. వచ్చిన దినం ఇస్తవ్, రాని దినం ఇయ్యవ్. కూరగాయలు తెచ్చుకున్నట్టు.”

ఆమె నవ్వింది. “మీరు గూడ తూకంల మోసం చేస్తరా ఏంది?”

“అరె, నన్ను చూస్తే గట్ల కనిపిస్తున్ననా?”

“గట్ల కనిపించేటోళ్లు చెయ్యరు సాబ్,” అనుకుంట పర్సు తీసింది.

అప్పుడే ఇంకొక మాట గూడ చెప్పిన. మీ అన్నతోని మాట్లాడకు, ఏమున్నా నా ద్వారనే, నువ్వు ఒక్క మాట జారితే కోర్టుల పట్టుకుంటరు అని. ఇది వకీళ్లు చెప్పే మాటనే. అవుతలి వకీలు సామ్యేల్‌కు గూడ ఇదే చెప్పి ఉంటడు. ఒక్క తల్లి కడుపున పుట్టినోళ్లు ఇద్దరు మా ఇద్దరి నోళ్లతోని మాట్లాడుకోవాలె ఇగ. ఆ మాట ఎంత బరువైందో చెప్పేటప్పుడు నాకు తెల్వదా? తెలుసు. తెలిసే చెప్పిన. తప్పు అనిపించిందా? లేదు. అందరు చేసేది తప్పని ఎట్ల అనిపిస్తది?

కేసు నడుస్తున్నది. రూతమ్మ డ్యూటీకి సెలవు పెట్టి పేషీకి వస్తుండె, తారీఖు తీసుకొని పోతుండె. ఒకరోజు కోర్టు క్యాంటీన్‌ల అవుతలి వకీలు నా పక్కన కూచున్నడు.

“క్యా భాయ్, మా సామ్యేల్ మెత్తబడ్డడు. రోడ్డు దిక్కు గది, దాని ఎనక వంట జాగ, రెండు చెల్లెకు రాసిస్తడట. లొల్లి ఒడిసిపోతది. మీ ఆయమ్మను అడుగు.”

“అడుగుత,” అన్న.

అడగలే.

ఎందుకు? మరిచిపోయిన అని రాద్దామనుకున్న. మరువలే. సగానికి తక్కువ ఎందుకు ఒప్పుకోవాలె, ఆమె హక్కు కోసమే ఆగిన అని రాద్దామనుకున్న. అది ఇంక పెద్ద అబద్ధం, ఆమెకు కావాల్సింది హక్కు కాదు, గది. ఇంకో పేషీ అయినంక చెప్దామనుకున్న. ఆ పేషీ అయినంక, ఈ మాట ఎప్పుడొచ్చిందని అడుగుతదేమో అని ఇంకొక పేషీ దాక ఆగిన. గట్ల ఆగుకుంట పోయిన. ఆ పేషీ ఫీజు ఎంతని? దానితోని నేను ఇల్లు కట్టలే, బంగారం కొనలే. ఇంట్ల కిరాణా సామానుకు సరిపోయేది. అంత చిన్నదానికి చేసిన అన్నదే నాకు ఎక్కువ సిగ్గు. పెద్ద మొత్తానికి చేసి ఉంటే, మీ ముందట గూడ కొంచెం గొప్పగ చెప్పుకునేటోన్నేమో.

ఒక్కటి మాత్రం పట్టుకొని ఇన్నేండ్లు నిలబడ్డ. నేను ఆమెకు అబద్ధం చెప్పలే, ఊరుకున్న, అంతే.

తర్వాత సామ్యేల్ గుండె ఆగి పోయిండు. రూతమ్మ నాకు ఫోన్ చేసింది. “అన్న మొకం చూస్తే కేసుకు ఏమన్న అయితదా సాబ్?” అన్నది. చూడు గని ఎవ్వలతోని మాట్లాడకు అన్న. సమాధుల తోటల ఆమె వదిన పక్కన నిలబడలేదట. గేటు కాడ నిలబడి, మట్టి వేసేటప్పుడు ముందటికొచ్చి, వేసి పోయిందట. ఇది నాకు అవుతలి వకీలే చెప్పిండు. చెప్పి, చాయ్ ఊదుకుంట తాగిండు. నేను గూడ తాగిన.

సామ్యేల్ కొడుకులు గది ఇచ్చేది లేదన్నరు. కేసు నడిచి నడిచి సగం వాటా అని తీర్పు వచ్చింది. గెలిచినం! నేను మిఠాయి తినిపించిన. కొడుకులు అప్పీలుకు పోయిన్రు, అది ఇంక నడుస్తనే ఉన్నది. రూతమ్మ రిటైర్ అయింది, క్వార్టర్ ఖాళీ చేసింది, సంతోష్‌నగర్‌ల కిరాయికి దిగింది. అప్పీలు నేను పట్టలే, వయసైపోయింది, వేరే వకీలును చూసుకో అన్న. ఆ కేసు కాగితాలు నా కండ్ల ముందు ఉండొద్దని గట్ల అన్న. వయసుదేమున్నది, అప్పటికి నేను మంచిగనే ఉన్న.

ఇదంతా రాసి చదువుకుంటే కొంచెం తేలికైంది. మాఫీ అడగను, అది అడిగే మొకం కాదు. అయితే ఆమెకు తెల్వకుంట మీకు చెప్పుడు ఏం మర్యాద అని, ఈ కాగితాలు పట్టుకొని సంతోష్‌నగర్ పోయిన. రూతమ్మ చిక్కుడుకాయలు ఒలుస్తున్నది. కుర్చీ ఏసి, చాయ్ పోసిచ్చింది. చదివి వినిపించిన. స్కూటర్ కాడ నవ్వింది. క్యాంటీన్ కాడ చేతులు ఆగినయి. ఒడిసినంక నా దిక్కు చూసింది.

“ఒక్క కాడ తప్పు రాసిన్రు సాబ్.”

“ఎక్కడ?”

“ఊరుకున్న అని రాసిన్రు. మీరు ఊరుకోలే. అన్న బతికున్నప్పుడే మీ అరుగు మీద నిలబడి అడిగిన. అన్న గది ఇస్తనంటున్నడట, మా పాస్టరమ్మ చెప్పింది, నిజమేనా సాబ్ అని. అసొంటిదేం లేదమ్మా అన్నరు. నా మొకం చూసి అన్నరు. ఆ దినం పేషీ పైసలు గూడ తీసుకున్నరు. అది రాయున్రి.”