పందెం రోజు నాచు చారు

ఇంచన్ ఊళ్లో, కంప్యూటర్ ఆటల పందేలాడే కుర్రాళ్లంతా కలిసుండే ఇంట్లో మాల్సున్ వంటమనిషి. అంతకుముందు ఓడరేవు క్యాంటీన్లో చేసింది. అక్కడివాళ్లు తిని బ్రేవ్‌మని లేచిపోయేవారు. ఇక్కడ పిల్లలు కంప్యూటర్ మీంచి కళ్లు తియ్యకుండా తినేవారు. "అన్నం నోట్లో పెట్టుకుంటున్నావా, చెవిలోనా?" అని కేకలేస్తే నవ్వి, "నోట్లోనే పిన్నీ" అనేవారు. ఆ ఒక్క పిలుపుకే కరిగిపోయింది, పిచ్చిది.

వాళ్లలో పెద్దవాడు టేగ్యొం. పెద్దంటే ఎంత, ఇరవై అయిదు! ఆ ఆటలో అది ముసలితనమే. మణికట్టుకు పట్టీ లేనిదే వేళ్లు ఆడేవి కావు. తన నూడుల్స్ పేరు మోగించుకోవడానికి ఒక కంపెనీ పెట్టుకున్న జట్టు అది. అమ్మకాలు తగ్గాయో లేదో, పిల్లలు బరువైపోయారు. ఆఖరి పందెం ఓడితే జట్టు ఎత్తేస్తామన్నారు. ఎత్తేస్తే టేగ్యొంకి ఆట లేదు, ఇక ఆ దేశంలో మగపిల్లలెవరికీ తప్పని సైన్యమే.

ఆ పందెం రోజునే వాడి పుట్టినరోజు వచ్చిపడింది. పుట్టినరోజు పొద్దున్నే సముద్రపు నాచు చారు తాగకపోతే అక్కడ పుట్టినట్టే కాదు. కానీ పరీక్షకో పందేనికో వెళ్లేవాడు దాన్ని ముట్టడు, నాచు జారుడు గనక తాగినవాడూ జారిపడతాడంటారు.

"ఒక్క గిన్నె పిన్నీ. అమ్మ పోయాక ఎవరూ పెట్టలేదు," అన్నాడు వంటగది గుమ్మంలో నిలబడి.

"నోర్ముయ్! అందరి కూడూ నీ చేతిలో పెట్టుకుని నాచు చారా? గెలిచి రా, బాల్చీడు కాస్తాను!"

వాడు ఆమె వేసిన గుడ్డట్టు తిని, పళ్లెం కడిగిపెట్టి వెళ్లాడు.

ఓడిపోయారు. చారు తాగకుండానే జారిపడ్డాడు. అమ్మలేని బిడ్డకు గిన్నెడు చారు పొయ్యలేకపోయానే అని మాల్సున్ కుమిలిపోయింది.

మర్నాడు లేస్తూనే నాచు నానేసి, మాంసం ముక్కలతో నువ్వులనూనెలో వేయించి చారు కాచింది. అది మరిగేలోపే కంపెనీ మనుషులు వచ్చి కంప్యూటర్లు విప్పుకుపోసాగారు. కుర్చీలు కూడా వాళ్లవేనట.

"నిన్న తాగాల్సింది. ఇవాళైనా తాగరా," అంది.

"ఓ గిన్నెడు పొయ్యి పిన్నీ. జారడానికి ఇంకేం మిగిలింది నాకు?" అని నవ్వాడు.

చెంచా ఎత్తాడు. చెయ్యి వణికి చారంతా గిన్నెలోకే ఒలికింది. మళ్లీ ఎత్తాడు, మళ్లీ ఒలికింది. ఆమె చెంచా లాక్కుని, పక్కన కూర్చుని, పసివాడికి పోసినట్టు నోట్లో పోసింది.

"అమ్మా, ఆ బల్ల కూడా తీసుకెళ్లాలి," అన్నాడు కంపెనీ మనిషి.

"వాణ్ణి తాగనీరా, నీ చేతులు పడిపోనూ!" అని అరిచింది మాల్సున్. అని, పక్కనే పట్టీ కట్టుకున్న టేగ్యొం చేతిని చూసి బావురుమంది.