నేలవేము పిప్పి

మొన్న కళ్ళజోడు మార్పించుకుందామని హైటెక్ సిటీ మెట్రో స్టేషన్లో దిగి, ఎస్కలేటర్ అంటే నాకున్న భయం కొద్దీ మెట్లదారి వెతుక్కుంటూ వెతుక్కుంటూ పొరపాటున ఒక ఆరోగ్య ఉత్పత్తుల దుకాణంలోకి వెళ్ళాను. ఎదురుగా అరలో వరసగా పెట్టిన సీసాల మీద నేలవేము కొమ్మ బొమ్మ కనబడేసరికి అక్కడే ఆగిపోయాను. కౌంటర్లో ఉన్న అమ్మాయి పరిగెత్తుకొచ్చి, ఇది చాలా బాగా పనిచేస్తుంది ఆంటీ, క్యాన్సర్ సెల్స్ మీద కూడా రీసెర్చ్ జరిగింది అని గడగడా చెప్పింది. పాపం, ఆ పిల్ల తప్పేముంది, నేర్పినది అప్పజెప్పింది. కానీ ఆ "పనిచేస్తుంది" అన్న మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది. ఒకప్పుడు రోజుకు పదిసార్లు ఆ మాట అన్న నోరు నాదే కనుక, ఆ మంట కూడా నా మీదే.

ఈ అద్దాల మేడలు ఇంకా ఒకటొకటిగా లేస్తున్న రోజుల్లో నేను బాలానగర్‌లో ఒక చిన్న పరిశోధనశాలలో కెమిస్టుగా చేరాను. మాది గోదావరి వైపు, మావారి ఉద్యోగం వల్ల కూకట్‌పల్లి హౌసింగ్ బోర్డు కాలనీలో కాపురం. మా పరిశోధనశాలకు ఒక పక్క లేత్ మిషన్ల షెడ్డు, ఇంకో పక్క రేకులు వంచే కార్ఖానా. ఆ దబదబలకు మా తూనిక యంత్రంలో అంకె నిలిచేది కాదు, అందుకని వాళ్ళు భోజనాలకు మిషన్లు ఆపినప్పుడు మేం భోజనం మానేసి తూకాలు వేసుకునేవాళ్ళం. మన తరం వాళ్ళకు ఇది వింతగా తోచదు, అందరం అలాంటి చోట్లే పనిచేశాం.

నేలవేము ఆకు బస్తాల్లో వచ్చేది. దాన్ని పొడి కొట్టి, స్పిరిట్ లాంటి ద్రావకంలో గంటల తరబడి మరిగించి, చేదంతా అందులోకి దిగాక వడపోసి, శుద్ధి మీద శుద్ధి చేస్తే చివరికి చిటికెడు తెల్లటి పలుకులు మిగిలేవి. పక్క గదిలో చిన్న చిన్న గుంటలున్న ప్లాస్టిక్ పలకల్లో క్యాన్సర్ కణాలను పెంచేవాళ్ళం. ఆ పలుకులను కరిగించి వాటి మీద వేసి, తర్వాత ఒక రంగు కలిపితే, బతికున్న కణాలు ఊదాగా మారేవి, చచ్చిన చోట రంగు వచ్చేది కాదు. రంగు రాని రోజు మాకు పండగ. "మందు పనిచేసింది" అని ఒకరికొకరం చెప్పుకుని మురిసిపోయేవాళ్ళం.

మందు అన్న మాటకు మన భాషలో అంతూ పొంతూ లేదు. జ్వరానికి వేసుకునేదీ మందే, పత్తిచేలో కొట్టేదీ మందే, సాయంత్రం పూట కొందరు సీసాలో తాగేదీ మందే. మా వాడుకలో ప్లాస్టిక్ పలకలో నాలుగు కణాలను చంపినదీ మందే అయింది. అది మనిషి ఒంట్లో ఏం చేస్తుందో ఎవరికీ తెలియదని, తెలియడానికి ఎన్నో ఏళ్ళు పడుతుందని, చివరికి మందు కాకుండానే పోవచ్చునని మాకు తెలుసు. తెలిసిన విషయమే కదా అని ఎవరమూ పైకి అనేవాళ్ళం కాదు. మా మాటలు వినే మనిషి ఇంకొకరు ఆ గదిలోనే ఉన్నారని మాకు తట్టలేదు.

ఆమె మా గాజుసామాను కడిగే అక్క. నాకంటే పదేళ్ళు పెద్ద, మియాపూర్ దగ్గరి ఊరి మనిషి, భర్త పోయాక ఒక్క కూతురితో ఉండేది. మేమందరం అక్కా అని పిలిచేవాళ్ళం, ఆమె మాత్రం మమ్మల్ని మేడం అనడం మానలేదు. కంపెనీ సబ్బుతో సీసాలు కడగడమే తప్ప తన చేతులు కడుక్కునేది కాదు, అందుకు ఇంటి నుంచి వేరే సబ్బుముక్క తెచ్చుకునేది. ఇంత చాదస్తం ఏమిటక్కా అని మేం ఆటపట్టిస్తే నవ్వి ఊరుకునేది.

ఒకరోజు ఆ పలకల్లో ఉన్నది ఏ రోగమని అడిగింది. ఎవరో పరదేశపు ఆవిడ రొమ్ము క్యాన్సర్ నుంచి తీసిన కణాలని, ఆవిడ ఏనాడో పోయినా అవి ఇంకా పెరుగుతూనే ఉన్నాయని చెప్పాను. చాలాసేపు వాటి వంక చూస్తూ నిలబడింది. నేలవేము వాటిని చంపుతుందా అని అడిగితే, చంపుతోందక్కా, చూడు, రంగే రాలేదు అని గర్వంగా చూపించాను. మరి కొన్నాళ్ళకు, నేను లెక్కలు రాసుకుంటూ ఉండగా వెనక నిలబడి మెల్లగా అడిగింది.

"మేడం, గిది ఇంట్ల కాశి తాగొచ్చునా?"

చిన్నప్పుడు జ్వరం వస్తే మా అమ్మ ముక్కు మూసి పోసిన కషాయం గుర్తొచ్చి, తల ఎత్తకుండానే తాగొచ్చక్కా, మంచిదే అన్నాను. ఎవరికి, ఎందుకు అని ఒక్క మాట అడగలేదు. అప్పటికే ఆమె ఎండాకాలంలో కూడా కొంగు భుజాల చుట్టూ కప్పుకుని తిరుగుతోంది. అదీ నేను గమనించలేదు.

ఏడాది గడిచింది. ఒక మధ్యాహ్నం సీసాల ట్రే ఎత్తబోయి ఎత్తలేక గోడకు జారగిలబడింది. ఎడమ చెయ్యి వాచి ఉంది. ఆడవాళ్ళ గదిలోకి తీసుకెళ్ళి కొంగు తీయించాను. రొమ్ము మీది ఆ పుండును వర్ణించడం నాకు చేతకాదు, చేతనైనా వర్ణించను.

మర్నాడే పెద్ద దవాఖానకు తీసుకెళ్ళాను. వరస పరీక్షలు అయ్యాక డాక్టరమ్మ నన్ను పక్కకు పిలిచి, ఎముకలకు పాకిపోయింది, మొదట్లోనే వస్తే ఆపరేషన్‌తో బతికే అవకాశం చాలా ఉండేది అంది. తర్వాత లోపలికి వచ్చి, ఇన్నాళ్ళూ ఏం వాడావమ్మా అని అక్కను అడిగితే, ఆమె నా వైపు చూపించి, మా మేడంవాళ్ళు తయారుచేసే మందే అని ధీమాగా చెప్పింది. డాక్టరమ్మ నన్ను చూసిన ఆ చూపు ముందు నేను చదివిన చదువంతా బూడిదైపోయింది.

బయట బల్ల మీద కూర్చున్నాక, ఆకు ఎక్కడిదక్కా అని అడిగాను. నేను దొంగతనం అంటగడుతున్నానేమో అని ఆమె కంగారు పడింది.

"మంచి ఆకు ముట్టలే మేడం, అది కంపెనీది. మీరు మిద్దె మీద ఆరబోసి పారేస్తరు గదా, గదే తీస్కపోయిన."

ఆమె తాగింది పిప్పి. చేదంతా మేం పీల్చేసుకుని, ద్రావకం వాసన పోయేదాకా మేడ మీద ఆరబెట్టి, చెత్త డ్రమ్ములో పోయించే పిప్పి. ఏడాదిపాటు రోజూ పొద్దున్నే పరగడుపున దాన్ని కాచుకుని తాగింది. నా నోరు నా స్వాధీనంలో లేదు. అందులో ఏమీ ఉండదక్కా, సారమంతా మేం తీసేసుకున్నాకే పారేస్తాం అనేశాను.

ఆమె కొంగు అంచు మడతపెడుతూ అడిగింది.

"గట్లయితే మంచి ఆకు తాగితే తగ్గుతుండెనా మేడం?"

తగ్గదు. బస్తాలకు బస్తాలు తాగినా తగ్గేది కాదు. ఆ మాట చెప్పడానికి నోరు తెరిచాను కూడా. చెబితే, ఇన్నాళ్ళూ నేను పండగ చేసుకున్నదంతా ఉత్తదేనని నా నోటితోనే ఒప్పుకోవాలి. అంతలో నర్సు ఆమె పేరు పిలిచింది, నేను హమ్మయ్య అనుకున్నాను. అవును, అలాగే అనుకున్నాను, ఇన్నేళ్ళకు ఇక్కడ రాస్తున్నాను.

మూడు నెలలకు పోయింది. కూతురు ఆమె కంపెనీ గుర్తింపు కార్డు తిరిగి ఇవ్వడానికి వచ్చి, అమ్మ చివరి దినాల్లో ఒక్కటే మాట పదేపదే అన్నదని చెప్పింది. రెండు పిడికిళ్ళు మంచి ఆకు తెచ్చుకుంటే బతుకుతుంటి, కంపెనీది ముట్టనీకి చెయ్యి రాకపాయె అన్నదట.

ఇప్పుడు బాలానగర్‌లో మా షెడ్డు లేదు. పరిశోధనలన్నీ ఊరి బయట పెద్ద పెద్ద ఆవరణల్లోకి వెళ్ళిపోయాయి, పారేసే ప్రతి సంచికీ తాళం, సంచి మీద హెచ్చరిక, వాకిట్లో కెమెరా. మంచి మార్పే, కాదనను. కానీ ఆ రోజు ఆమెకు కావలసింది తాళమూ కాదు, హెచ్చరికా కాదు. తగ్గేది కాదక్కా, నువ్వు దొంగతనం చేసినా తగ్గేది కాదు అని నేనొక్క మాట అని ఉంటే, ప్రాణం ఎలాగూ దక్కేది కాదు గానీ, నిజాయితీగా ఉన్నందుకే చచ్చిపోతున్నానని ఆమె ఏడ్చేది కాదు.